హుయే చూడటానికి ఒక్క రోజు సరిపోతుందా?

వియత్నాంలోని డా నాంగ్‌ నగరంలో నాలుగు రోజులు ఉంటున్నామని, అందులో ఒక రోజు పాత రాజధాని హుయేకి కేటాయిస్తే దండగ అవుతుందా అని ఒకరు అడిగారు. దండగ కాదు. ఆ ఒక్క రోజులో నాలుగైదు చోట్లు చుట్టేయాలనుకుంటే మాత్రం దండగే.

మేము మొదట చేసిన తప్పు అదే. ఒక యాత్రా సంస్థ బస్సు ఎక్కాం. థియన్ ము పగోడా, రాజకోట, ఖాయ్ దిన్ చక్రవర్తి సమాధి, చివర మార్కెట్. కోటలో మాకు దక్కింది గంటా పది నిమిషాలు. 1802 నుంచి 1945 వరకు న్గుయెన్ వంశం ఏలిన రాజధానికి గంటా పది నిమిషాలు! న్గో మోన్ ద్వారం దగ్గర "చివరి చక్రవర్తి బావో దాయ్ 1945 ఆగస్టు 30న సింహాసనం వదులుకున్నది ఇక్కడే" అన్న ఒక్క వాక్యం చెప్పి గైడు జెండా ఎత్తుకుని నడిచేశాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ రాత్రి తిరుగు ప్రయాణం మానుకుని అక్కడే గది తీసుకున్నాం. ఉదయం ఏడింటికల్లా మనిషికి రెండు లక్షల డాంగులు పెట్టి మళ్లీ టికెట్ కొని కోటలోకి వెళ్లాం.

నేరుగా నైరుతి మూలనున్న థే మియు ఆలయం ముంగిటికి వెళ్లాం. అక్కడ మూడు కాళ్ల కంచు గంగాళాలు తొమ్మిది వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు రెండు టన్నులు. మిన్ మాంగ్ చక్రవర్తి 1835–37 మధ్య పోయించాడు. వంశ స్థాపకుడు జా లాంగ్ పేరిట ఉన్నది మాత్రం మిగతా వాటికంటే కాస్త ముందుకు ఉంటుంది. దాని ఒంటి మీద సూర్యుడు, పులి, వరి, పనస కూడా ఉన్నాయి. తొమ్మిదింటి మీద కలిపి నూట యాభైకి పైగా బొమ్మలు. దేశాన్నంతా కంచులో పోసి పెట్టారన్నమాట.

మా నాన్నగారు తణుకు దగ్గర అజ్జరంలో నలభై ఏళ్లు ఇత్తడి పోత పోసిన మనిషి. రాజుల కథలు చెబితే ఆయన వినరు. ముందు రోజు కోటంతా మౌనంగా నడిచారు. ఈ గంగాళాల ముందు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, ఒక్కోదాని చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

"ఇంత లోహం ఒక్క కొలిమిలో కరగదు. పదుల కొలుములు పెట్టి, ఒకదాని వెంట ఒకటి ఒంపి ఉంటారు. మధ్యలో చెయ్యి ఆగితే అతుకు పడుతుంది. ఎక్కడా అతుకు లేదు చూడు" అన్నారు. కాసేపటికి ఒక గుంట దగ్గర ఆగారు. "ఇది పోతలో వచ్చిన లోపం కాదు. గాలి బుడగ అయితే అంచు ఇలా పైకి లేవదు. బయటి నుంచి ఏదో వచ్చి గట్టిగా తగిలింది."

వియత్నాం యుద్ధ కాలంలో, 1968లో అక్కడి కొత్త సంవత్సరం పండుగ టెట్ వేళ మొదలై దాదాపు నెల రోజులు ఈ కోటలోనే పోరు జరిగిందని, లోపలి భవనాల్లో చాలా భాగం కూలిపోయాయని, ఈ గుంటలు తూటాల దెబ్బలని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "తూటా తగిలినా పగల్లేదు. పోసినవాడు పనిమంతుడు" అన్నారు. ఇంకొకరి పోతను ఆయన మెచ్చుకోగా నేను విన్నది అదే మొదటిసారి.

అందుకే డా నాంగ్ దాకా వెళ్లి, కొండ మీద రాతివిలా కనిపించే చేతులు మోస్తున్నట్టు కట్టిన వంతెన దగ్గర ఫోటోలు దిగి, హుయే చూడకుండా తిరిగి వచ్చేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. ఆ వంతెన వయసు పదేళ్లు కూడా లేదు!

తిండికి భయపడకండి. ‘చయ్’ అని బోర్డు ఉంటే అది శాకాహార భోజనశాల. హుయేలో బౌద్ధం బలంగా ఉంది కాబట్టి అలాంటివి చాలానే ఉన్నాయి. చాంద్రమాన నెలలో ఒకటో రోజున, పదిహేనో రోజున అక్కడివాళ్లే చాలామంది మాంసం ముట్టరు.

పొద్దున్నే రైలెక్కండి. డా నాంగ్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చుంటే హాయ్ వాన్ కనుమ దగ్గర సముద్రం పక్కనే వస్తుంది. తిరుగు టికెట్ సాయంత్రానికి తీసుకోండి. మేము మధ్యాహ్నానికి తీసుకున్నాం. బయలుదేరదామని నేను రెండుసార్లు గుర్తు చేసినా నాన్నగారు ఇంకా ఏడో గంగాళం దగ్గరే ఉన్నారు. మూడోసారి అడగలేదు, రైలు వదిలేసుకున్నాం.