పెమీ లూప్‌కి బయల్దేరే ముందు

చిట్టితల్లీ,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, పిల్ల అడవిలో టెంటు వేసుకుని రెండు రాత్రులు ఉంటుందట, నువ్వైనా చెప్పు" అన్నాడు. ఎక్కడికిరా అంటే పెమీ లూప్, అదే న్యూ హాంప్‌షైర్ కొండల్లోని చుట్టుబాట అన్నాడు. ఇక నాకు నిద్రెక్కడిది? మన ఇంటి ఆడపిల్ల వీపున అంత మూట మోసుకుంటూ ఫ్రాంకోనియా రిడ్జ్ అనే ఆ శిఖరాల వరుస మీద నడుస్తుందని తలచుకుంటే ఛాతీ పొంగింది. ఆ వెంటనే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. మానెయ్యమని రాయడం లేదమ్మా. వెళ్ళు. ఇది చివరిదాకా చదివి వెళ్ళు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. హెడ్‌ల్యాంపు మనిషికొకటి ఉండాలి, ముగ్గురికీ కలిపి ఒకటి కాదు. చలికి ఫోన్ బ్యాటరీ కూలబడిపోతుంది కాబట్టి కాగితం మ్యాపు పెట్టుకోండి. ఎంత చలేసినా టెంటులోపల స్టవ్ వెలిగించొద్దు, అది మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. రాత్రి పడుకోవడానికని ఒక జత ఉన్ని మేజోళ్ళు ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టు, పగలు కాళ్ళు ఎంత తడిసినా వాటి జోలికి వెళ్ళకు. పాతిక డాలర్లు కట్టి న్యూ హాంప్‌షైర్ వాళ్ళ హైక్ సేఫ్ కార్డు తీసుకో, కొండ మీద ఆపదొస్తే కాపాడిన ఖర్చు మామూలుగా మన మీద పడకుండా ఇచ్చే కార్డు అది. మీ అమ్మ కట్టిచ్చే సున్నుండలు తీసుకెళ్ళు, చలికి వాటిని మించిన తిండి లేదు. ఆవకాయ మాత్రం వద్దు తల్లీ, అక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. తిండీ, టూత్‌పేస్టూ, వాసన వచ్చే ప్రతిదీ క్యాంపులో ఉండే ఇనప పెట్టెలో పెట్టి గడియ వేశాకే పడుకోండి.

ఇక బట్టలు. నీ పాత ఫొటోలన్నీ చూశాను, ప్రతి కొండ మీదా జీన్సే. ఈసారి జీన్స్ ఇంట్లో వదిలెయ్. ఒంటికి తగిలే కాటన్ ఏదీ వద్దు, లోపలి టీషర్టుతో సహా. ఎందుకింత పట్టుబడుతున్నానో ఇన్నేళ్ళలో మీ నాన్నకి కూడా చెప్పలేదు.

1997 అక్టోబరు. నేను ఈ దేశం వచ్చిన రెండో ఏడు. వరంగల్‌లో నాతో చదివినవాడే ఇక్కడా నా రూమ్మేట్. ఆకులు రంగు తిరిగాయని అందరూ చెప్పుకుంటుంటే మేమూ ఫ్రాంకోనియా బయల్దేరాం. కొండ కింద కారు ఆపేసరికే పదకొండు. వాడు జీన్స్, కాటన్ చొక్కా, పైన పల్చటి జాకెట్. నాకు మా అమ్మ, అంటే మీ నానమ్మ, అల్లి పంపిన ఉన్ని స్వెట్టరూ మంకీ క్యాపూ ఉన్నాయి. జలపాతాల పక్కనుంచి ఎక్కి లిటిల్ హేస్టాక్ చేరాం. చెట్లు అక్కడితో సరి, ఆ పైన అంతా రాయే. పడమటి నుంచి మబ్బు లేచి రిడ్జ్‌ని మింగుతోంది. వాడు చూసి, "తిరిగిపోదాంరా" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ఇంతదూరం ఎక్కి లఫాయెట్ శిఖరం మీద ఫొటో లేకుండా దిగుతామా, ఇంకెంత, మైలున్నరేగా అన్నాను. పిరికివాడా అని కూడా అన్నాను.

లింకన్ శిఖరం దాటాక మంచుతో కలిసిన వాన అందుకుంది. బోస్టన్‌లో పొద్దున చొక్కాతో తిరిగాం. ప్రతి వెయ్యి అడుగులకీ మూడు నుంచి ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ పడిపోతుందనీ, ఐదువేల అడుగుల మీద గాలీ తడీ తోడైతే లెక్కే వేరనీ నాకేం తెలుసు? వాడి జీన్స్ కాళ్ళకి అతుక్కుపోయింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. లఫాయెట్ మీద నేను ఫొటో తీశాను. దిగడం మొదలుపెట్టిన కాసేపటికి వాడి వణుకు ఆగిపోయింది. హమ్మయ్య, చలికి అలవాటు పడ్డాడు అనుకున్నాను. సంతోషించాను తల్లీ.

తర్వాత తూలడం మొదలైంది. మాట ముద్దముద్దగా వస్తోంది. ఒక రాయి చాటున కూర్చుండిపోయి, "కాసేపు పడుకుంటాన్రా, నువ్వు పో" అన్నాడు. ముందు ఆ జాకెట్ జిప్పు పెట్టుకోరా అని కసిరాను. వాడు పెట్టుకోవాలనే చూస్తున్నాడు. వేళ్ళు జిప్పు పక్కనే అటూ ఇటూ కదులుతున్నాయి గానీ దాన్ని పట్టుకోలేకపోతున్నాయి. గోళ్ళు నీలంగా ఉన్నాయి. అప్పుడు భయం వేసింది నాకు. జిప్పు నేనే పెట్టాను, మంకీ క్యాప్ తీసి వాడి తలకి తొడిగాను, చంక కింద చెయ్యి వేసి లేపాను. కొండ నడిచేవాళ్ళు బసచేసే గ్రీన్‌లీఫ్ హట్ అక్కడికి మైలు కూడా లేదు. రెండు గంటలు పట్టింది.

హట్‌లో ఒక పెద్దావిడ మమ్మల్ని ఏమీ అడగలేదు. వాడి తడి బట్టలన్నీ విప్పించి, తన భర్త పొడి బట్టలు తొడిగి, స్లీపింగ్ బ్యాగులో దూర్చి, పంచదార కలిపిన వేడినీళ్ళు గుటక గుటకగా తాగించింది. గంట తర్వాత వాడికి మళ్ళీ వణుకు మొదలైంది. "ఇక ఫరవాలేదు" అందావిడ. నేను బయటికి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడ్చాను.

వాడు ఇప్పటికీ ఆ మాట ఎత్తడు. అదే నాకు బరువు.

అందుకని చెబుతున్నా, నీ పక్కన నడిచేవాళ్ళ వణుకు ఆగిందంటే సంతోషించకు. అక్కడే ఆగి, పొడి బట్టలు వేసి, తెలివిగా ఉండి మింగగలిగితే తీపి తినిపించి, టెంటు వేసెయ్యండి. మాట తడబడినా, చేతిలోంచి వస్తువు జారినా అంతే. మీ ముగ్గురిలో ఎవరు "తిరిగిపోదాం" అన్నా మిగతా ఇద్దరూ ఎదురు చెప్పకూడదు. ఈ ఒప్పందం కారు ఎక్కకముందే చేసుకోండి, నా మీద ఒట్టు.

మీ దారి చూశాను. లింకన్ వుడ్స్‌లో మొదలై 31 మైళ్ళు చుట్టి మళ్ళీ అక్కడికే. మొదటి రాత్రి లిబర్టీ స్ప్రింగ్ క్యాంపు అన్నారు, బాగుంది. రెండోరోజు గుయో క్యాంపు దాకా పెట్టుకున్నారే, అది చాలా ఎక్కువ. అక్టోబరులో ఆరింటికే సూర్యుడు పోతాడు, చెట్ల కింద అంతకన్నా ముందే. గార్‌ఫీల్డ్ దగ్గరే ఆగి, ఇంకో రాత్రి కలుపుకోండి. ఒక రోజు క్లాసు పోతే కొంపేం మునగదు. ఆఖరి రోజు బాండ్‌క్లిఫ్ దిగాక, ఒకప్పుడు దుంగలు మోసిన రైలు కట్ట మీద నడుస్తారు. కొన్నిచోట్ల స్లీపర్లు ఇంకా నేలలో కనిపిస్తాయి. పక్కనే నది. అక్కడ తొందరపడకు, నెమ్మదిగా నడు. ఆ చివరి మూడు మైళ్ళంటే నాకు ప్రాణం.

ఇంకో సంగతి. దారి మధ్యలో దిగాలంటే లిబర్టీ నుంచీ, లఫాయెట్ నుంచీ, గార్‌ఫీల్డ్ నుంచీ, గేల్‌హెడ్ నుంచీ కిందికి బాటలున్నాయి. అవన్నీ కొండకి అవతలి వైపు తేలతాయి. కారేమో ఇవతల ఉంటుంది. అక్కడ దిగితే కారు దాకా ఎలా వెళ్తాంలే అనుకుని, దిగాల్సిన వాళ్ళు కూడా ముందుకే పోతారు. నువ్వు ఆ ఆలోచనే పెట్టుకోకు. ఆ వారాంతం నేను లింకన్ ఊళ్ళోనే గది తీసుకున్నాను. మీ వెంట పైకి రాను, మీ సరదాకి అడ్డం పడను. ఏ బాటన దిగినా సిగ్నల్ అందగానే మెసేజ్ పెట్టు, అర్ధరాత్రయినా సరే, ఫ్లాస్కులో టీ పట్టుకుని ఆ పార్కింగ్‌కే వస్తాను.

మంకీ క్యాప్ పార్సిల్లో పంపుతున్నాను. చెవుల దగ్గర కొంచెం బిగుతు, నీకు సరిపోతుంది.

మీ పెదనాన్న