రోమన్ సంఖ్యలు రాయడం నేర్చుకుంటున్న మనవడికి

చిరంజీవి మనవడికి ఆశీస్సులు.

గడియారం చూసి 12 వరకు రోమన్ సంఖ్యలు వచ్చేశాయనీ, 40 దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోతోందనీ రాశావు. చేయి ఆగిపోవడంలో నీ తప్పేమీ లేదు. చాలామంది ముందు అక్షరాల విలువలు చెప్పి, వెంటనే తీసివేత నియమం ఒకటి అంటగట్టి, ఆ తర్వాత పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తారు. 30 ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన నేనూ మొదట్లో ఆ పనే చేసి తరగతిలో తెల్లముఖం వేశాను. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

అక్షరాలు ఏడే ఏడు. ఐ అంటే 1, వి అంటే 5, ఎక్స్ అంటే 10, ఎల్ అంటే 50, సి అంటే 100, డి అంటే 500, ఎం అంటే 1000. (ఈ ఉత్తరంలో నేను అక్షరాల పేర్లు రాస్తున్నాను, నువ్వు కాగితం మీద ఆ అక్షరాలనే, పెద్దబడిలో (క్యాపిటల్ అక్షరాల్లో) పెట్టుకో.) సెంచరీ, మిలీనియం అనే మాటలు నీకు ఎలాగూ తెలుసు కనుక సి, ఎం గుర్తుండిపోతాయి. ఎల్, డి లకు అలాంటి ఆసరా లేదు. అవి రాసి రాసి అలవాటు కావలసినవే.

ఇక అసలు విషయానికి వస్తాను. రోమన్ పద్ధతిలో స్థాన విలువ లేదు, సున్నా లేదు. అయినా ఆ సంఖ్యలను రాసేటప్పుడు మాత్రం మనం మన స్థానాలనే గట్టిగా పట్టుకోవాలి. ఉదాహరణకు 1994 రాయాలంటే, మొత్తం సంఖ్యను ఒకేసారి చూసి కంగారు పడకుండా, ముందు దాన్ని 1000, 900, 90, 4 అని విడదీసుకుని, ఒక్కొక్క ముక్కనూ విడిగా మార్చి, ఎడమ నుంచి కుడికి వరుసగా పేర్చుకోవాలి. 1000కి ఎం, 900కి సి-ఎం, 90కి ఎక్స్-సి, 4కి ఐ-వి. పక్కపక్కన పెడితే ఎం-సి-ఎం-ఎక్స్-సి-ఐ-వి. అంతకు మించి అందులో రహస్యమేమీ లేదు.

ఆ ముక్కలను మార్చడానికి నేర్చుకోవలసిన వరస కూడా ఒక్కటే. ఒకట్ల స్థానానికి ఐ, వి, ఎక్స్ అనే మూడు అక్షరాలు పనిచేస్తాయి. పదులకు ఎక్స్, ఎల్, సి. వందలకు సి, డి, ఎం. ప్రతి స్థానంలోనూ 1, 2, 3 అంకెలకు మొదటి అక్షరాన్ని అన్నిసార్లు రాస్తాం, 4కు మొదటిదాన్ని నడిమిదాని ముందు పెడతాం, 5కు నడిమిది ఒక్కటే రాస్తాం, 6, 7, 8 అంకెలకు నడిమిదాని వెనుక మొదటిదాన్ని చేరుస్తాం, 9కి మొదటిదాన్ని మూడోదాని ముందు పెడతాం. ఒకట్లలో ఈ తొమ్మిది రూపాలూ వచ్చాయంటే పదులూ వందలూ వచ్చినట్టే, అక్షరాలు మార్చుకోవడమే మిగులుతుంది. ఏదైనా స్థానంలో సున్నా ఉంటే అక్కడ ఏమీ రాయకుండా ముందుకు పోవాలి; అందుకే 2005 ఎం-ఎం-వి అవుతుంది.

నా భంగపాటు ఇక్కడే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను స్థానాల మాట ఎత్తకుండా, "పెద్ద అక్షరానికి ముందు చిన్న అక్షరం ఉంటే తీసివేయాలి" అని మాత్రమే చెప్పి 99 రాయమన్నాను. సగం మంది ఐ-సి అని రాశారు. తప్పని కొట్టేయబోయి ఆగిపోయాను, ఎందుకంటే నేను చెప్పిన నియమం ప్రకారం వాళ్లు రాసినది ముమ్మాటికీ ఒప్పే. నేను చెప్పకుండా వదిలేసిన మాట ఏమిటంటే, తీసివేత ఒక స్థానం గడప దాటి ఇంకో స్థానంలోకి పోకూడదు. ఐ అక్షరం వి, ఎక్స్ ల ముందే నిలబడగలదు. ఎక్స్ అక్షరం ఎల్, సి ల ముందే. సి అక్షరం డి, ఎం ల ముందే. ఈ ఆరు జంటలు తప్ప ఏడో జంట లేదు. కాబట్టి 99 అంటే 90, 9 కలిసి ఎక్స్-సి-ఐ-ఎక్స్. అలాగే 45ను వి-ఎల్ అని రాయకూడదు, ఎక్స్-ఎల్-వి అని రాయాలి.

పాత కట్టడాలు చూసినప్పుడు మాత్రం ఈ నియమాలతో తగువుకు దిగకు. రోమ్‌లోని కొలోసియంలో 44వ ద్వారం మీద ఎక్స్-ఎల్ తర్వాత ఐ నాలుగుసార్లు చెక్కి ఉంది. అంటే 40కి తీసివేత వాడినవాళ్లే 4కు కూడిక వాడారు. చాలా గడియారాల ముఖాల మీద 4 స్థానంలో ఇప్పటికీ నాలుగు నిలువు గీతలే కనిపిస్తాయి, లండన్‌లోని బిగ్ బెన్ మీద మాత్రం ఐ-వి ఉంటుంది. రోమన్లకు అది నిత్యవ్యవహారం, మనకు అది పాఠం. పరీక్షలో మాత్రం పాఠంలోని రూపమే రాయి.

సంఖ్య పొడవును చూసి విలువను అంచనా వేయకు. 1888 రాయడానికి 13 అక్షరాలు పడతాయి, 2000కు రెండు చాలు. మామూలు పద్ధతిలో 3999 వరకే రాయగలం. ఆపైన అక్షరం నెత్తిన అడ్డగీత గీసి వెయ్యి రెట్లు చేసే పద్ధతి ఉంది గానీ నీకు ఇప్పుడు దాని అవసరం లేదు.

రాసిన ప్రతిదాన్నీ తిరిగి చదివి సరిచూసుకో. ఒకే అక్షరం వరుసగా నాలుగుసార్లు వచ్చినా, వి, ఎల్, డి లలో ఏదైనా రెండోసారి కనిపించినా ఎక్కడో తప్పు దొర్లినట్టే. అభ్యాసానికి 1 నుంచి 100 వరకు వరుసగా రాయకు. అలా రాస్తే పై వరస చూసి కింద దించేస్తావు, బుర్రకు పని ఉండదు. 4, 9 అంకెలున్న సంఖ్యలనే ఏరుకో.

న్యూయార్క్‌లోని స్టాట్యూ ఆఫ్ లిబర్టీ చేతిలోని పలక మీద జూలై ఐ-వి అనీ, ఆ కింద ఎం-డి-సి-సి-ఎల్-ఎక్స్-ఎక్స్-వి-ఐ అనీ ఉంటుంది. ఏ సంవత్సరమో విప్పి చూడు. ఆ తర్వాత 49, 444, 949, 2999 రాసి నాకు పంపు. చివరిదానికి సరిగ్గా ఎనిమిది అక్షరాలు రావాలి. అంతకన్నా తక్కువతో ముగిసిందంటే ఎక్కడో అడ్డదారి తొక్కావని అర్థం, మళ్లీ స్థానాలు విడదీసి రాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య