రిగ్గింగ్ పనికి వెళ్తున్న మా తమ్ముడి కొడుక్కి

ఒరేయ్ చిన్నా,

జామ్‌నగర్‌లో రిగ్గింగ్ గ్యాంగులో, అంటే క్రేనుకి లోడు కట్టి ఎత్తించే గ్యాంగులో, హెల్పర్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. మన శ్రీకాకుళం వాళ్లు తిరగని సైటు లేదు కాబట్టి ఊరు గురించి టెన్షన్ లేదు, పని గురించే. 2020లో విశాఖ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది పోయిన వార్త మీ అమ్మ ఇంకా మర్చిపోలేదు, "బావగారూ, మీరైనా వద్దని చెప్పండి" అంది. నేను చెప్పను. నా తర్వాత మనింట్లో షాకిల్, అదే లోడు తగిలించే ఇనుప కొండీ, పట్టేవాడివి నువ్వేనని గర్వంగానే ఉంది, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

హెల్మెట్, షూ సంగతి వాళ్లే చెప్తారు. లోడు కింద నిలబడొద్దనీ చెప్తారు. లోడు కట్టే బెల్టు రంగు చూసి కట్టెయ్యకు, ఎంత బరువు మొయ్యగలదో రాసుండే ట్యాగ్ చదువు, ట్యాగ్ లేకపోతే పక్కన పడెయ్. 2 టన్నుల లోడుకి రెండు కాళ్ల స్లింగ్, అంటే హుక్కు నుంచి రెండు పాయలుగా దిగే తాడు, వేస్తే చెరో టన్ను అనుకుంటారు, నిటారుగా ఉంటేనే ఆ లెక్క. కాళ్లు బాగా పరుచుకుని నేలకి 30 డిగ్రీలకి వచ్చాయా, ఒక్కో కాలి మీదా 2 టన్నులు పడతాయి.

సౌదీ జుబైల్‌లో ఉన్నప్పుడు ఒకటి చూశాను. పంపూ మోటారూ ఒకే ఫ్రేము మీద బిగించిన స్కిడ్ అది, బరువంతా మోటారు వైపే. మా ఫోర్‌మన్ టేపు పెట్టి కొలిచి సరిగ్గా ఫ్రేము నడిమధ్యకి హుక్కు తెప్పించాడు. ఎత్తగానే పంపు వైపు లేచింది, మోటారు వైపు నేలనే ఉంది. అక్కడే దించేసి మళ్లీ కట్టాలి. సాయంత్రమైపోతోందని అతను "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ ఎత్తించాడు. మోటారు వైపు నేల వదిలిందో లేదో స్కిడ్ మొత్తం పంపు వైపుకి దూసుకెళ్లింది, ఎందుకంటే అసలు బరువు హుక్కు కిందికి వచ్చేదాకా లోడు ఊరుకోదు. బరువున్న వైపే ప్రమాదమని మేమంతా మోటారు దగ్గర్నుంచి తప్పుకున్నాం. తేలిక వైపు, పంపుకీ స్టీలు కాలమ్‌కీ మధ్య నిలబడ్డ ఒడిశా కుర్రాడి తొడ ఎముక విరిగింది. నీకంటే చిన్నవాడు. వాళ్ల నాన్నకి ఫోన్ చెయ్యడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.

అందుకే ఎత్తేముందు నీ వెనక ఏముందో చూసుకో. గోడో, పైపుల కుప్పో ఉంటే అక్కడ నిలబడకు, ఎవరు నిలబడమన్నా సరే.

గ్యాంగులో పాత ఖలాసీలు ఉంటారు. గబగబా కట్టేసేవాడి వెనక తిరక్కు. లోడు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, జానెడు ఎత్తించి ఆపి, మళ్లీ చూసేవాడు ఒకడుంటాడు, వాణ్ణి పట్టుకో. టీ తెచ్చిపెట్టు, తిట్టినా పడు. "అన్నా, బరువు ఎటుంది, ఇది ఎటు ఊగుతుంది?" అని ప్రతి లోడుకీ అడుగు. హబీస్ అంటే ఎత్తు, ఆరియా అంటే దించు, భాష అదే వస్తుంది. ఎత్తమనే సైగ ఒక్కడే చెయ్యాలి కానీ ఆపమనే సైగ నిన్న చేరిన హెల్పరైనా చెయ్యొచ్చు, మొహమాటపడకు.

నీ చెయ్యి ఊరికే ఉండదురా, అదీ నా భయం. పిండిమర బెల్టు తాకబోయి నా చేత దెబ్బ తిన్నావు గుర్తుందా, కొట్టాక నీకంటే నేనే ఎక్కువ ఏడ్చాను. ఊగే లోడుని చేత్తో ఆపాలనిపిస్తుంది. ఆగదు. లోడుకి కట్టిన గైడ్ రోప్ పట్టుకో, చేతికి మాత్రం చుట్టుకోకు.

వాళ్లిచ్చే షూ వదులుగా ఉంటే సర్దుకుపోకుండా సైజు వాట్సాప్ చెయ్యి, గాజువాకలో కొని పార్సిల్ వేస్తాను.

మీ పెదనాన్న