పేగు గోడలో శ్లేష్మం (జిగట) తయారుచేసే గోబ్లెట్ కణాలు స్లైడులో ఖాళీగా ఎందుకు కనిపిస్తాయి? మా పుస్తకం చెప్పినట్టు పేగును జారుడుగా ఉంచడమేనా వాటి పని?

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే దొరుకుతుంది కాబట్టి స్లైడుతోనే మొదలుపెడతాను. ఒక పశువైద్య కళాశాల పాథాలజీ ప్రయోగశాలలో కణజాలాన్ని కోసి, రంగులు వేసి, స్లైడులు తయారుచేయడమే చాలా ఏళ్లు నా ఉద్యోగం.

మామూలుగా వాడే హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు శ్లేష్మానికి సరిగా పట్టవు. అందుకే మీకు అక్కడ తెల్లని చిల్లులు కనిపిస్తున్నాయి. అదే కోతకు ఆల్షియన్ బ్లూ అనే రంగు వేస్తే ఆ చిల్లులన్నీ నీలంగా నిండిపోతాయి. మీ అధ్యాపకులను అడిగి ఒక్కసారి వేయించుకోండి, కోడి పేగు ముక్క చాలు. చిన్నపేగు మొదటి భాగం నుంచి చివరికి వచ్చేకొద్దీ ఆ నీలం ఎలా చిక్కబడుతుందో చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం.

కణం సంగతి అలా తేలినా, దాని మీది పొర సంగతి వేరు. ఫార్మలిన్‌లో ఉంచి, ఆల్కహాలుతో నీరు తీసేసరికి పేగు గోడపై ఉన్న శ్లేష్మపు పొర ముడుచుకుపోయి దాదాపు మాయమవుతుంది. నీరు లేని కార్నాయ్ ద్రావణంలో భద్రపరిస్తే అది నిలుస్తుంది. 2008లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు చుంచెలుకల పెద్దపేగులో ఉన్నది ఒక పొర కాదని, రెండని చూపించారు. పైపొర వదులుగా ఉండి బాక్టీరియాతో నిండి ఉంటుంది. గోడకు అంటుకున్న లోపలి పొర మాత్రం దట్టంగా ఉండి, బాక్టీరియాను దాదాపుగా లోనికి రానివ్వదు. చిన్నపేగులో ఆహారసారం లోనికి ఇంకాలి కాబట్టి అక్కడ శ్లేష్మం పలుచగా, గోడకు అంటకుండా ఉంటుంది.

మీ పుస్తకం చెప్పిన జారుడు నిజమే, కానీ నా లెక్కలో అది పక్కపని. అసలు పని బాక్టీరియాకూ పేగు గోడకూ మధ్య ఎడం ఉంచడం. శ్లేష్మానికి ముఖ్యమైన మ్యూసిన్-2 ప్రోటీను తయారుకాని చుంచెలుకల్లో బాక్టీరియా నేరుగా కణాలను తాకుతుంది. వాటికి పెద్దపేగు వాపు వస్తుంది, కొన్నిటికి కణితులు కూడా పుడతాయి.

కణం లోపల ఈ మ్యూసిన్ కాల్షియం అండతో గట్టిగా చుట్టుకుని ఉంటుంది. బయటికి రాగానే బైకార్బనేట్ ఆ కాల్షియాన్ని లాగేస్తుంది, దాంతో అది నీరు పీల్చి, నానిన సబ్జా గింజలా ఉబ్బుతుంది, కాకపోతే వంద రెట్లకు పైగా. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవారి పేగుల్లో శ్లేష్మం గట్టిపడి అడ్డుపడటానికి ఈ బైకార్బనేట్ కొరత ఒక కారణం.

పైపొరలోని బాక్టీరియాకు మ్యూసిన్ మీది చక్కెరలే తిండి. 2004లో వర్ణించిన అక్కర్మాన్సియా మ్యూసినిఫిలా అనే బాక్టీరియా అలా బతికేదే. మేతలో పీచు లేకపోతే అలాంటి బాక్టీరియా పొరను మరింతగా తిని పలుచన చేస్తుందని చుంచెలుకల్లో తేలింది.

నులిపురుగులు చేరినప్పుడు కథ మారుతుంది. రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేత ప్రోటీను విడుదల చేస్తాయి, గోబ్లెట్ కణాలు సంఖ్యలోనూ పరిమాణంలోనూ పెరుగుతాయి. పురుగును జిగురులో చిక్కించి బయటికి తోసేయడమే ఉద్దేశం. నిప్పోస్ట్రాంగైలస్ అనే నులిపురుగు సోకిన ఎలుకల్లో ఇది బాగా గమనించిన విషయం.

ఇక్కడే నాకు రైతులతో వాదన వచ్చేది. "దూడ పేడలో జిగట పడుతోందండీ, అది ఆగే మందు చెప్పండి" అంటూ డబ్బాలో పేడ తెచ్చేవారు. జిగట ఎక్కువైందంటే పేగు గోడ దేనితోనో పోరాడుతోందని అర్థం. జిగటకు మందు వేయడం కాదు, ఆ దేన్నో పట్టుకోవాలి. నెత్తురు చారలు కూడా ఉంటే మొదట కాక్సిడియా అనే ఏకకణ పరాన్నజీవి గుడ్ల (ఊసిస్టుల) కోసం పేడను సూక్ష్మదర్శిని కింద చూసేవాళ్లం, ఆ తర్వాతే పశువైద్యులు మందు రాసేవారు.