పాదాల సందేహాలు: నొప్పి లేని పుండు

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్. బొటనవేలి కింద ఆనెకాయ గట్టిపడి నల్లబడింది. నొప్పి లేదంటూ నాట్లకూ పోతోంది. మెడికల్ షాపులో కార్న్ ప్లాస్టర్ ఇచ్చారు, వేయొచ్చా?
– పాఠకురాలు, నర్సంపేట

జవాబు: వేయొద్దు. అందులో ఉండేది శాలిసిలిక్ యాసిడ్. ఆనెకాయతో పాటు పక్కనున్న మంచి చర్మాన్నీ తినేస్తుంది, షుగర్‌తో స్పర్శ పోయిన కాలికి ఆ మంట తెలియదు. నల్లబడిందంటే లోపల రక్తం చిమ్మి ఉంటుంది. చాలాసార్లు కింద అప్పటికే పుండు ఉంటుంది, సర్జన్ పైపొరను పలుచగా చెక్కితేనే బయటపడుతుంది. ఇంట్లో బ్లేడు పట్టొద్దు, వేడినీళ్ల కాపడమూ వద్దు.

పుండు కనబడగానే అందరూ ఏ ఆయింట్‌మెంట్ రాయాలని అడుగుతారు. ఆ చోట బరువు పడకుండా చూడడమే అసలు వైద్యం. రోజంతా అదే పుండు మీద నడుస్తూ ఎన్ని కట్లు మార్చినా మానదు. రక్తప్రసరణ బాగుండి, చీము లేకపోతే, మోకాలి కింద వరకు టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అనే పిండికట్టు వేస్తారు. దాంతో బరువు పిక్కకూ, పాదమంతటికీ పంచుకుంటుంది. మానేదాకా నాట్లు బంద్. మానాక లోపల మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) అట్ట, మడమ వెనక బెల్టు ఉన్న చెప్పులు వాడాలి. హవాయి చెప్పులు జారిపోయినా ఆ కాలికి తెలియదు. మేడారం మొక్కు ఉన్నా సరే, ఉత్తకాళ్లతో నడవనివ్వకండి.

పుండు అంచు దాటి ఎరుపు 2 సెంటీమీటర్లకు పైగా పాకినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ప్రశ్న: బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదువుతున్నాను. ఊళ్లలో క్యాంపులకు పోయినప్పుడు మోనోఫిలమెంట్ (స్పర్శ పరీక్షించే నైలాన్ పోగు) లేకుండా స్పర్శ ఎలా చూడాలి? ఒక షుగర్ పేషెంటుకు ఏబీఐ (చీలమండ దగ్గరి రక్తపీడనాన్ని చేతి పీడనంతో భాగిస్తే వచ్చే అంకె) 1.4 వచ్చింది, పాదం మాత్రం చల్లగా ఉంది. ఎందుకు?
– విద్యార్థిని, హన్మకొండ

జవాబు: మీ చూపుడువేలు చాలు. పేషెంటును కళ్లు మూసుకోమని, రెండు కాళ్ల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలి కొనలను ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకండి. ఆరింట్లో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. నొక్కొద్దు, నిమరొద్దు. ‘తెలుస్తోందా?’ అనడిగితే మనవాళ్లు మొహమాటానికి ఔననేస్తారు. అందుకే తాకగానే కుడో ఎడమో చెప్పమనాలి.

ఇక ఏబీఐ. 0.9 కంటే తగ్గితే ధమనిలో అడ్డు ఉన్నట్టు. కానీ షుగర్‌లో చీలమండ దగ్గరి ధమని గోడల్లో కాల్షియం పేరుకుని గొట్టంలా బిగుస్తుంది, బీపీ కఫ్ ఎంత బిగించినా అణగదు. దాంతో పీడనం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. 1.3 దాటిన అంకెను నమ్మి ‘ప్రసరణ బాగుంది’ అని రాయకండి. బొటనవేలి పీడనం కొలిపించండి, వేలి ధమనుల్లో ఈ తిప్పలు తక్కువ. అది 30 మి.మీ. (పాదరసం) కంటే తగ్గితే పుండు మానడం కష్టం. ముందు వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ చూడాలి, అలాంటి కాలికి పైన చెప్పిన పిండికట్టు వేయకూడదు.

ప్రశ్న: బోదకాలు ఉన్న నాన్నకు మాటిమాటికీ జ్వరం, కాలు ఎర్రబడుతుంది. డీఈసీ (బోదకాలు పురుగుల మందు) మాత్రలు మళ్లీ మింగించాలా?
– పాఠకుడు, పరకాల

జవాబు: ఈ జ్వరం ఎక్కువగా పురుగుల వల్ల కాదు, వేళ్ల సందుల్లో నాని చిట్లిన చర్మం గుండా దూరిన బ్యాక్టీరియా వల్ల. జ్వరం ఉన్నప్పుడు డీఈసీ వద్దు. డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ ఇవ్వండి, చల్లని తడిగుడ్డ వేయండి, మాలిష్ చేయొద్దు. తగ్గాక రోజూ సబ్బుతో కడిగి, ప్రతి సందునూ మెత్తటి గుడ్డతో అద్ది పూర్తిగా ఆరబెట్టండి, రుద్దొద్దు. రాత్రి కాలి కింద దిండు పెట్టండి.