కరపత్రం ఎంచే ముందు

చిరంజీవి కీర్తనకు పెద్దమ్మ ఆశీస్సులు.

కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్ క్లినిక్‌లో లాటినో కుటుంబాల కోసం, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారి కోసం, లైంగిక ఆరోగ్య సమాచారం సమకూర్చే బాధ్యత నీకు అప్పగించారని తెలిసింది. స్పానిష్‌లో ఉన్నవన్నీ తెచ్చి బల్ల మీద పేర్చడం ఒక్క పూట పని. అవి ఎవరి చేతికి వెళతాయో ముందుగా విచారించడమే అసలు పని. అక్కడి స్ట్రాబెర్రీ తోటల్లో కష్టపడేవారిలో మెక్సికోలోని ఒహాకా, గెరెరో రాష్ట్రాల నుంచి వచ్చిన మిష్టెకో ఆదివాసులు చాలామంది ఉన్నారు. వారిలో కొందరికి స్పానిష్ అంతంత మాత్రమే, మరికొందరికి చదువే రాదు. అటువంటివారికి వారి భాషలోనే రికార్డు చేసిన ఆడియో గాని, ఫోటోలతో కథ నడిపే ఫోటోనోవెలా గాని కరపత్రం కన్నా మేలు.

వెతుకులాటను అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్ వెబ్‌సైట్ స్పానిష్ విభాగంతో మొదలుపెట్టి, తర్వాత అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పేజీలు చూడు. పనికొచ్చినదాన్ని వెంటనే తేదీ వేసి దాచుకో. 2025 జనవరి చివర్లో సీడీసీ సైట్ నుంచి హెచ్‌ఐవీ సమాచారం కొంత మాయమై, ఫిబ్రవరిలో కోర్టు ఆదేశించాకే తిరిగి వచ్చింది. పదమూడేళ్ళు దాటిన లాటినో పిల్లలకైతే 'క్విదాతె' అనే హెచ్‌ఐవీ నివారణ పాఠ్యక్రమం ఉంది. కుటుంబ గౌరవం, మగతనం గురించిన భావనలను పక్కన పెట్టకుండా వాటినే ఆధారం చేసుకుని బోధిస్తుంది కనుక నాకు అది నచ్చుతుంది.

దొరికిన ప్రతి కాగితంలోనూ అచ్చైన సంవత్సరం చూడు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను పదిహేనేళ్ళలోపు మొదలుపెట్టే పిల్లలకు మూడు డోసుల బదులు రెండు చాలని 2016లో మార్చారు. అందరికీ మూడే అని చెప్పే పాత కరపత్రాలు కనిపిస్తే, ఎంత అందంగా ఉన్నా తీసివేయి.

అచ్చుకు ఇచ్చేముందు ఊళ్ళోని ప్రొమోతోరాలను, అంటే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలను, కూర్చోబెట్టి చదివించు. "అర్థమైందా?" అని అడిగితే మొహమాటానికి అందరూ అవుననే అంటారు, మన ఊళ్ళలో మాత్రం వేరుగా ఉంటుందా! అందుకని, "ఇది చదివాక మీ చెల్లెలికి ఏం చెబుతారు?" అని అడిగి, వారు తడబడిన చోటు గుర్తు పెట్టుకో. మెక్సికో కాన్సులేట్లలో 'వెంతానియా దె సలూద్' అనే ఆరోగ్య కేంద్రాలు నడుస్తాయి. మీ ఊరి కాన్సులేట్‌లోనూ విచారించు.

కాగితం అడుగున క్లినిక్ ఫోన్ నంబరు వేసే ముందు, సాయంత్రం తోట పని ముగిసే వేళకు నువ్వే ఒకసారి ఫోన్ చేసి, స్పానిష్‌లో పలికేవారు ఉన్నారో లేదో చూసుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ