కొండవాలులో ఇల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా స్థలం ఎగువ నుంచి దిగువకు 20 మీటర్ల దూరంలో 5 మీటర్లు దిగుతుంది. అంతా చదును చేసి, మైదానంలో కట్టినట్టే కట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. నాలుగుకు ఒకటి వాలు ఇది. చదును చేయాలంటే ఎగువ అంచున రెండున్నర మీటర్లు తవ్వి, దిగువ అంచున రెండున్నర మీటర్లు మట్టి పోయాలి. అప్పుడు ఇల్లు సగం గట్టినేల మీద, సగం పోసిన మట్టి మీద నిలబడుతుంది. పోసిన మట్టిని ఎంత దిమ్మిస కొట్టినా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కుంగుతూనే ఉంటుంది. రెండూ కలిసే చోట గోడకు ఏటవాలుగా పగులు పడుతుంది. ఎంత సిమెంటు పూసినా మళ్లీ విచ్చుకుంటుంది.

ఇంటి పొడవును వాలుకు అడ్డంగా తిప్పండి. ఇంటి వెడల్పు 6 మీటర్లే అయితే దాని కింద నేల ఒకటిన్నర మీటర్లే దిగుతుంది. అంటే 15 సెంటీమీటర్ల మెట్లు పది. వంటగది, భోజనాల గది ఒక మట్టంలో, పడకగదులు పది మెట్ల కింద పెట్టుకుంటే తవ్వకం చాలావరకు తప్పుతుంది. ప్లాను గీయించే ముందే కాంటూర్ సర్వే, అంటే ఒకే ఎత్తున్న చోట్లను గీతలతో కలిపి చూపే కొలత, ఎత్తులో ప్రతి అర మీటరుకూ ఒక గీత వచ్చేలా చేయించండి. బండలు, పెద్ద చెట్లు, వాననీరు పారిన చారలు అందులో గుర్తించమనండి. ఆ చారల మీద మాత్రం ఒక్క గది కూడా వద్దు.

ప్రశ్న: పిల్లర్ల మీద కడుతున్నాం. దిగువ పిల్లర్లు 3 మీటర్లు, ఎగువవి ఒకటిన్నర మీటర్లు వస్తున్నాయి. పొట్టివి ఎలాగూ గట్టిగానే ఉంటాయి కదా?

జవాబు: ప్రమాదం ఆ గట్టితనంలోనే ఉంది. భూకంపంలో పైనున్న స్లాబు అన్ని పిల్లర్ల తలలనూ ఒకేలా పక్కకు లాగుతుంది. పరిమాణం, ఊచలు ఒకటే అయినా, సగం ఎత్తున్న పిల్లరు ఎనిమిది రెట్లు బిగువుగా ఉంటుంది కాబట్టి దాదాపు ఎనిమిది రెట్లు బలం దాని మీదే పడుతుంది. పొడుగువి వంగి తట్టుకుంటాయి, పొట్టివి గుణకారం గుర్తులా పగిలి తెగిపోతాయి.

వీలైతే నేలను మెట్లుగా కోసి పిల్లర్లన్నీ ఒకే ఎత్తులో వచ్చేలా చూడండి. వీలు కాకపోతే ఆ తేడాను లెక్కలోకి తీసుకొని డిజైన్ చేయమని స్ట్రక్చరల్ ఇంజినీరును అడగండి. పొట్టి పిల్లర్లలో నిలువు ఊచల చుట్టూ కట్టే రింగులు అడుగు నుంచి తల దాకా 10 సెంటీమీటర్లకు మించని ఎడంతో ఉండాలి. చివర్లలో దగ్గరగా, నడుమ దూరంగా కట్టే మామూలు పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ప్రశ్న: ఇంటి వెనక మట్టి జారకుండా 3 మీటర్ల గోడ కట్టాం. రెండు వానాకాలాలకే పొట్ట ఉబ్బింది. గోడ మందం చాలలేదా?

జవాబు: ముందు నీటిని అనుమానించండి. అంత ఎత్తు గోడను పొడి మట్టి, ప్రతి మీటరు పొడవుకూ, రెండున్నర నుంచి మూడు టన్నుల బలంతో నెడుతుంది. వెనక నీరు పైదాకా నిండితే ఒక్క నీటి బలమే నాలుగున్నర టన్నులు. మట్టితో కలిపి ఆరు టన్నులకు దగ్గరవుతుంది. పెద్ద వాన తర్వాత గోడకున్న నీటి రంధ్రాలు చూడండి. ఒక్క చుక్కా కారకపోతే అవి పూడుకుపోయినట్టే. వెనక కంకర లేకుండా నేరుగా మట్టి నింపితే ఇదే జరుగుతుంది.

కొత్తగా కట్టేవారు గోడ వెనక 30 సెంటీమీటర్ల మందాన కంకర, కంకరకూ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, అడుగున చిల్లుల పైపు, గోడలో ఒకటిన్నర మీటర్లకొకటి చొప్పున బయటికి వాటంతో 75 మిల్లీమీటర్ల పైపులు పెట్టించాలి. మీరు మాత్రం వెంటనే గోడకు ఎగువన కాలువ తవ్వి, దానికి సిమెంటు చేయించి, వాననీటిని పక్కకు మళ్లించండి. గోడ పైనుంచి తాపీ గుండు వేలాడదీసి, గోడ ఎంత వాలిందో రాసిపెట్టుకోండి. పెరుగుతుంటే ఆ వైపు గదుల్లో పడుకోవద్దు, ఇంజినీరును పిలిపించండి.

ప్రశ్న: శీతకాలంలో మా చూరు అంచున మంచు గడ్డకట్టి, పైకప్పు నుంచి నీళ్లు లోపలికి దిగుతున్నాయి. రేకులు మార్చాలా?

జవాబు: రేకుల తప్పు కాకపోవచ్చు. ఇంట్లోని వేడి పైకప్పుకు తగిలి మంచు అడుగు కరుగుతుంది. ఆ నీరు చల్లటి చూరు దగ్గరకొచ్చి గడ్డకట్టి కట్టలా అడ్డుపడుతుంది, వెనక నిలిచిన నీరు అతుకుల్లోంచి దిగుతుంది. అటక నేల మీద ఇన్సులేషన్ మందంగా పరిచి, దీపాలు, పైపుల చుట్టూ ఉన్న సందులు మూసి, కప్పు కింద చూరు నుంచి శిఖరం దాకా 5 సెంటీమీటర్ల గాలి దారి వదలండి.

ప్రశ్న: 2,000 మీటర్ల ఎత్తులో ఇల్లు. రెండు పొరల అద్దాల కిటికీలు మైదానం నుంచి తెప్పించుకోవచ్చా?

జవాబు: ఎత్తు చెప్పి ఆర్డరిస్తేనే. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే ఐదో వంతుకు పైగా తక్కువ. కింద సీలు చేసిన గాలి పైకొచ్చాక అద్దాలను బయటికి ఉబ్బిస్తుంది, అంచుల సీలు విడుతుంది, ఒక్కోసారి అద్దమే పగులుతుంది. ఒత్తిడి సమం చేసే సన్నటి గొట్టం అంచులో పెట్టి ఇవ్వమనండి. ఆ గొట్టం తెరిచే ఉంటే, వేడి బయటికి పోకుండా అద్దాల మధ్య నింపే ఆర్గాన్ వాయువు నిలవదు కాబట్టి దానికి అదనంగా డబ్బు కట్టకండి.